బకింగ్‌హాం కాలువలో మళ్ళీ పడవలు: పూడిక కంటే ముందు చూడవలసినవి

మీ తాతగారు నెల్లూరు తీరం నుంచి సరుగుడు కట్టెల పడవతో మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవారని, అదే కాలువ ఇప్పుడు తిరువాన్మియూరులో మీ ఇంటి వెనుక నల్లని మురుగై నిలిచిపోయిందని రాశారు. పూడిక తీయించి ఆక్రమణలు తొలగిస్తే కాకినాడ నుంచి చెన్నై మీదుగా పుదుచ్చేరి వరకు జలమార్గం తిరిగి కలుస్తుందా అని అడిగారు. స్కాట్లాండులో మూతపడిన కాలువలను కలిపినట్టు మనమెందుకు కలపలేమని, మీ కాలనీ సంఘం పెట్టబోయే అర్జీలో ఏమి కోరాలని కూడా అడిగారు. కృష్ణా డెల్టాలో లాకుల (నీటి మట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపుల కట్టడాల) మరమ్మతుల మీద, ఆ తరువాత చెన్నైలో వరదనీటి కాలువల మీద ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందుగా సూటి సమాధానం. పెదగంజాం నుంచి ఎన్నూరు వరకు ఉన్న ఉత్తర భాగాన్నీ, ముట్టుకాడు నుంచి మరక్కాణం వరకు ఉన్న దక్షిణ భాగాన్నీ పడవలు నడిచే స్థితికి తీసుకురావచ్చు. నగరం మధ్యలో కూవం నది నుంచి అడయారు నది వరకు ఉన్న సుమారు 8 కిలోమీటర్ల ముక్కలో సరుకుల పడవ ఇక నడవదు. అది నడుస్తుందన్న లెక్క మీద వేసే పథకం ఏదైనా అక్కడే ఆగిపోతుంది. అయితే పడవ నడవని చోట కూడా నీరు కదలాలి. కాలువను కలపడం అంటే మొదట నీటిని కలపడమని, పడవల మాట ఆ తరువాతిదని నా అభిప్రాయం. ఇంజనీర్లలో అందరూ దీనికి ఒప్పుకోరు.

ఈ కాలువను ఎవరూ ఒక్క పథకంగా తవ్వలేదు. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించినది మొదటి ముక్క. 1837లో దానిని ప్రభుత్వం తీసుకుంది. తరువాత ఉత్తరాన పులికాట్ సరస్సు దాటి దుగరాజపట్నం, కృష్ణపట్నం వైపుకు, దక్షిణాన మరక్కాణం వైపుకు విడతలు విడతలుగా పొడిగించారు. తీరం వెంబడి అప్పటికే ఉన్న ఉప్పుటేళ్ళను, వెనుకజలాలను వీలైనంతగా వాడుకుంటూ, వాటి మధ్య ఉన్న ఇసుక నేలను మాత్రమే తవ్వుకుంటూ పోయారు. కూవానికీ అడయారుకూ మధ్య ఉన్న లంకె 1877–78లో, ధాత కరువు కాలంలో, కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించినది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు పడింది అప్పుడే. అంటే నగరం మధ్యలో ఉన్న ముక్కే తరువాత వచ్చి ఉత్తర, దక్షిణ భాగాలను కలిపింది. ఇవాళ అన్నిటికంటే ఎక్కువ చెడిపోయినదీ అదే.

1899లో మద్రాసు–బెజవాడ రైలుమార్గం వచ్చాక దూరపు సరుకు క్రమంగా రైలు ఎక్కింది. ఉప్పు, వంటచెరకు, గుల్ల సున్నం, ధాన్యం వంటివి మాత్రం చాలాకాలం పడవల మీదనే వచ్చాయి. 1960లలో వచ్చిన తుపానులు, 1976 నాటి తుపాను గట్లను, లాకులను దెబ్బతీశాయి. అప్పటికే లారీలు వచ్చాయి కనుక వాటిని బాగు చేయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. 2008లో ఈ వరుసనంతా 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాకినాడ కాలువ 50, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, ఉత్తర బకింగ్‌హాం 316, దక్షిణ బకింగ్‌హాం 110, కలువేలి చెరువు నుంచి పుదుచ్చేరి వరకు 22 కిలోమీటర్లు, వీటికి తోడు గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగం, మొత్తం 1,078 కిలోమీటర్లు. 2017లో తొలి దశకు శంకుస్థాపన జరిగింది విజయవాడ–ముక్త్యాల మధ్య కృష్ణా నదిలో. నదిలో పని తేలిక, కాలువలో కష్టం, ఎందుకో చెబుతాను.

పటం మీద ఒకే నీలిగీతగా కనిపించే ఈ వరుసలో నిజానికి రెండు వేరువేరు జాతుల కాలువలు ఉన్నాయి. కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు ఆనకట్టల నుంచి బయలుదేరే మంచినీటి సాగు కాలువలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాటన్ దొర కాలంలో ఈ కాలువలను సాగుకూ పడవలకూ కలిపి ఆలోచించారు కనుకనే ప్రతి దిగుడు దగ్గర లాకు కట్టారు. ఏలూరు దగ్గర చూడండి: విజయవాడ నుంచి కృష్ణ నీరు, అటు నుంచి గోదావరి నీరు రెండు కాలువలుగా వచ్చి అక్కడ కలుస్తాయి. కనుక పడవ ఒక డెల్టాలో లాకులు దిగుతూ వచ్చి, రెండో డెల్టాలో లాకులు ఎక్కుతూ పోవాలి. బకింగ్‌హాం కాలువ తీరు వేరు. అది పెదగంజాం నుంచి దక్షిణానికి సముద్రపు పోటుపాట్ల మీద బతికే ఉప్పునీటి కాలువ. దానికి ఎగువ నుంచి నీరిచ్చే ఆనకట్ట లేదు.

ఈ రెండిటికీ సరిహద్దు పెదగంజాం. అక్కడి నుంచి ఉప్పునీరు ఎగువకు ఎక్కితే కొమ్మమూరు చివరి భూముల రైతు నష్టపోతాడు. మంచినీరు దిగువకు వదిలితే, మే నెలలో తాగునీటి చెరువులకే చాలని నీటిని పడవల కోసం సముద్రంలో కలుపుతున్నారని గొడవ మొదలవుతుంది, ఆ గొడవలో న్యాయం కూడా ఉంది. పైగా డెల్టా కాలువలను ఏటా వేసవిలో కట్టేస్తారు. షట్టర్ల మరమ్మతు, పూడికతీత జరిగేది ఆ రోజుల్లోనే. ఏడాది పొడవునా పడవ తేలేంత లోతు ఉంచమని జలమార్గం వాళ్ళు అడుగుతారు, నీరు కట్టేస్తే తప్ప పని చేయలేమని సాగునీటి శాఖ వాళ్ళు అంటారు. ఇద్దరి మాటా నిజమే కనుక, పంటకాలంతో ముడిపడిన ఏడెనిమిది నెలల జలమార్గంగా దీనిని ముందే ఒప్పుకోవడం మేలు. కాకినాడ సరుకు ఏడాదంతా చెన్నైకి నీటి మీద వస్తుందని కాగితం మీద రాయడం సులువే.

ఇక దక్షిణానికి వస్తే, బకింగ్‌హాం కాలువ తీరానికి సమాంతరంగా పోతుంది, నదులు దానికి అడ్డంగా సముద్రంలోకి పోతాయి. గుండ్లకమ్మ, పెన్న, కండలేరు, స్వర్ణముఖి, తమిళనాడులోకి వచ్చాక కొసస్థలై, కూవం, అడయారు. ప్రతి దానినీ కాలువ అడ్డంగా దాటాలి. నా దృష్టిలో ఈ కాలువ చావుబతుకులు తేలేది ఈ కూడళ్ళలోనే. మామూలు సాగు కాలువ లాకులో నీటి మట్టం ఎప్పుడూ ఎగువవైపే ఎక్కువ కనుక తలుపులు ఒక దిక్కుకే మొగ్గి ఉంటే చాలు. నీటి ఒత్తిడే వాటిని మూసి ఉంచుతుంది. నది కూడలిలో అలా కుదరదు. వరదలో నది మట్టం ఎక్కువ, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు కాలువ మట్టం ఎక్కువ. అందువల్ల రెండు దిక్కులకూ మొగ్గిన తలుపుల జతలు కావాలి, వాటిని వేళ చూసి తెరిచి మూసే మనుషులు కావాలి. ఆ పని చేసే లస్కర్లు పదవీ విరమణ చేసినకొద్దీ ఆ ఖాళీలు నింపకపోవడం తుపానులకు తీసిపోని నష్టం చేసిందని నేను అనుకుంటాను.

తలుపులు పోయిన లాకు దగ్గర ఏమి జరుగుతుందో ఒకసారి నిలబడి చూడండి. రాతి అంచుల్లో మోకుల ఒరిపిడికి వేలు పట్టేంత గాడులు పడి ఉంటాయి. పడవలను గట్టు మీది నుంచి లాగిన రోజుల గుర్తులవి. తలుపు ఇరుసు తిరిగే గుంటలో ఇప్పుడు రావిమొక్క మొలిచి ఉంటుంది. నది వరద బురదతో నేరుగా కాలువలోకి దూరుతుంది, నీటి వేగం తగ్గగానే బురద అక్కడికక్కడే దిగుతుంది. ఆ కారణంగానే కూడలికి రెండు వైపులా కొన్ని వందల మీటర్ల మేర మేట వేస్తుంది, మధ్యలో ఉన్న పొడవాటి ముక్కల్లో మాత్రం లోతు చాలావరకు మిగిలే ఉంటుంది. కిలోమీటరుకు ఇన్ని ఘనపు మీటర్లని లెక్కకట్టి కాలువ పొడవునా పూడిక తీయించే టెండర్లు చూసినప్పుడల్లా నాకు అసహనం కలిగేది ఇందువల్లనే. పూడిక ఫలితం మాత్రమే, దాని కారణం కూడలిలో ఉంది. తలుపు పెట్టకుండా తీసిన పూడిక రెండు వర్షాకాలాల్లో తిరిగి చేరుతుంది. తీసిన మట్టిని గట్టు మీదే పోస్తే ఒక్క వర్షాకాలం చాలు.

నెల్లూరు, ప్రకాశం తీరంలో మరో చిక్కు ఉంది. కాలువ పొడవునా రొయ్యల చెరువులు వచ్చాయి. కాలువ నుంచి ఉప్పునీరు తోడుకునేదీ, పట్టుబడి తరువాత చెరువు నీటిని తిరిగి వదిలేదీ అందులోకే. లాకులు పెట్టి పోటుపాట్లను అదుపు చేస్తే నీటి ఉప్పదనం మారుతుంది, ఆ మార్పు వారి పెట్టుబడిని నేరుగా తాకుతుంది. వారిని పిలవకుండా లాకు తలుపు బిగిస్తే ఆ తలుపు ఎక్కువ రోజులు మూసి ఉండదు.

ఇప్పుడు చెన్నై సంగతి. ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలు 1995లో చేపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2004లో మీ తిరువాన్మియూరు వరకు వచ్చింది. భూసేకరణ ఖర్చు తప్పుతుందని ఆ మార్గంలో చాలా భాగాన్ని కాలువ మీదుగానే వేశారు, స్తంభాలను కాలువలోనే దింపారు. తిరుమయిలై, మందవెల్లి స్టేషన్ల మధ్య కిందికి చూస్తే ప్రతి స్తంభానికీ ఒక పక్క గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ ముక్కలు చాపలా అల్లుకుని ఉంటాయి. ఆ చాప ఏ పక్కన ఉందో చూస్తే నీరు చివరిసారి ఎటు కదిలిందో తెలుస్తుంది. స్తంభాల మధ్య మిగిలిన వెడల్పులో సరుకుల పడవ పోదు, స్టేషన్లను కదిపేవారు ఎవరూ లేరు. కనుక ఈ ముక్కను వరదనీటి మార్గంగా, రెండు నదుల మధ్య పోటునీరు ఆడే కాలువగా కాపాడుకుంటే చాలు.

పోటునీరు ఆడటం కూడా అంత సులువు కాదు. చెన్నై దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒక మీటరే. ఆ కాస్త తేడా లోపలికి రావాలంటే నది ముఖద్వారం తెరిచి ఉండాలి. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నికరంగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1870లలో మొదలైన హార్బరు గోడలు ఆ నడకకు అడ్డుపడ్డాయి. గోడకు దక్షిణాన ఇసుక చేరి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. కూవం ముఖద్వారం ఆ ఇసుక చేరే వైపే ఉంది. వాగులో వరద ఉన్న నాలుగు వారాలు తప్ప మిగతా కాలం ఇసుక మేట దానిని మూయడానికే చూస్తుంది. ముఖద్వారం మూసుకుంటే కూవంలో పోటు ఆగుతుంది, కూవంలో ఆగితే కాలువలో ఆగుతుంది, అప్పుడు కాలువలో మిగిలేది మురుగే. మైలాపూరులో కంపు కొడుతున్న నీటికి కారణాల్లో ఒకటి కొన్ని కిలోమీటర్ల అవతల సముద్రపు ఒడ్డున ఉంది. దానిని వదిలేసి కాలువ అడుగున ఎంత తవ్వినా, లోతైన మురుగుకుంట తయారవుతుంది.

కాలువను తొందరపడి కలిపితే వచ్చే ప్రమాదం కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలో చమురు తెట్టు బకింగ్‌హాం కాలువ గుండా ఎన్నూరు వాగులోకి చేరి, మత్స్యకారుల పడవలనూ వలలనూ నల్లగా చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కలిసిన కాలువ మంచినీ మోస్తుంది, విషాన్నీ మోస్తుంది. అడయారు దగ్గరి మురుగును ఆపకుండా దక్షిణ కాలువను ముట్టుకాడు దాకా బాగా తెరిస్తే, ఇప్పుడు మీ ఇంటి వెనుక నిలిచిన నీరు అక్కడి వెనుకజలాలకు చేరుతుంది. చేపలు, ఆల్చిప్పలు ఇంకా బతికి ఉన్న చోటు అది. మురుగు ఆగిన తరువాతే దారి తెరవాలి. ఈ వరుస తప్పకూడదని నేను గట్టిగా చెబుతాను.

స్కాట్లాండు పోలికకు వస్తాను. ఫోర్త్–క్లైడ్ కాలువ 1963లో, యూనియన్ కాలువ 1965లో మూతపడ్డాయి. ఫాల్కిర్క్ దగ్గర రెండిటినీ కలిపిన 11 లాకుల మెట్లను అంతకు ముందే, 1933లో తీసేశారు. 2002లో వాటి బదులు పడవను నీటితొట్టితో సహా సుమారు 24 మీటర్లు పైకెత్తే చక్రం పెట్టారు, రోడ్లు అడ్డమైన చోట వంతెనలను తిరగకట్టారు. యంత్రం గొప్పదే. కానీ అక్కడ పని జరగడానికి యంత్రం కంటే ముఖ్యమైన కారణాలు ఉన్నాయి. రెండు కాలువలూ మంచినీటివి, ఎగువ జలాశయాల నుంచి వాటికి నీరుంది. భూమి, గట్టు, నీరు ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. నడిచేవి విహారపు పడవలు కనుక సరుకు వస్తుందా రాదా అన్న లెక్కతో పని లేదు. మన కాలువకు నీటినిచ్చేది సముద్రం, దాని మీదికి నవంబరులో వచ్చేది తుపాను, యజమానులు రెండు రాష్ట్రాలు. కేంద్ర జలమార్గ సంస్థ, రైల్వే, కార్పొరేషన్ అదనం. మనం అక్కడి నుంచి నేర్చుకోదగినది చక్రం కాదు. వంతెనలను లెక్కపెట్టుకుని, పడవకు అడ్డమైన వాటిని తిరగకట్టిన తీరు. మన దగ్గర దక్షిణ కాలువ మీద ఇప్పటికీ తక్కువ ఎత్తు వంతెనలకు అనుమతులు అడుగుతూనే ఉంటారు.

ఇక్కడ పడవకూ వరదకూ మధ్య వైరం ఒకటుంది. పడవకు నీరు నిలవాలి, వరదకు నీరు పోవాలి. పళ్ళికరణై చిత్తడినేల నీరు ఒక్కియం మడువు గుండా మీ దక్షిణ కాలువలోకి దిగి, అక్కడి నుంచి దాదాపు వాలు లేని నేల మీద ముట్టుకాడు వరకు పాకుతూ పోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ దారిలో ఏ తలుపూ మూసి ఉండకూడదు. జనవరి నుంచి సెప్టెంబరు వరకు కావాలంటే మూసి పడవలు నడుపుకోవచ్చు. నియమాన్ని ఇలా తేదీలతో రాసిపెట్టుకుంటేనే ఇద్దరికీ చోటు దొరుకుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పెదగంజాం నుంచి చెన్నై వరకు చాలా చోట్ల ఈ కాలువ సముద్రపు నీటిని తన గట్ల మధ్య పట్టి వెనక్కి పంపిందన్నది కూడా మరువరాదు. అందుకే గట్టు మీది చెట్లను కొట్టి రెండు వైపులా కాంక్రీటు గోడలు లేపే నమూనాలను నేను సమర్థించను. గోడ కట్టిన కాలువ ఫోటోలో బాగుంటుంది, చుట్టుపక్కల వీధుల నీటిని మాత్రం లోపలికి రానివ్వదు.

గట్ల మీద ఉన్న ఇళ్ళ గురించి మీ లేఖలో ఒక్క వాక్యమే ఉంది, అది కొంచెం కటువుగా ఉంది. ఆ గట్ల నుంచి ఎన్నో కుటుంబాలను ఇప్పటికే కన్నగి నగర్, పెరుంబాక్కం వంటి చోట్లకు తరలించారు. పెరుంబాక్కం స్వయంగా పళ్ళికరణై పల్లపు నేల పక్కనే ఉండటం విచిత్రం. కాలువలోకి అడుగుపెట్టిన పెద్ద కట్టడాల జోలికి పోకుండా గుడిసెల జాబితాతో మొదలయ్యే అర్జీకి అధికారులు వెంటనే స్పందిస్తారు. నీటి మట్టంలో మాత్రం దాని వల్ల వచ్చే తేడా చాలా తక్కువ.

ఇక అర్జీ. పూడిక తీయించమని అడగకండి. అడిగితే అదే చేసి ఫైలు మూసేస్తారు. అడయారు కూడలి నుంచి ముట్టుకాడు వరకు ఒకే ఆధారమట్టంతో (అన్ని ఎత్తులనూ ఒకే గుర్తు నుంచి కొలుస్తూ) కాలువ అడుగు మట్టాలు, అడ్డుకోతలు (ఆయా చోట్ల కాలువ వెడల్పు, లోతు చూపే పటాలు), ప్రతి వంతెన అడుగుభాగపు ఎత్తు కొలిపించి బహిరంగంగా పెట్టమని అడగండి. అడయారు ముఖద్వారం, మీ ప్రాంతం, ముట్టుకాడు ఈ మూడు చోట్లా ఒకే సమయంలో పదిహేను రోజుల పాటు, అంటే అమావాస్య పోటూ అష్టమి పోటూ రెండూ వచ్చేలా, నీటి మట్టం నమోదు చేయమనండి. పోటు ఎక్కడ ఆగిపోతున్నదో ఆ కాగితమే చెబుతుంది. మీరు స్వయంగా చూడాలనుకుంటే వంతెన స్తంభాలకు ఆల్చిప్పలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసుకుంటూ ముట్టుకాడు నుంచి ఉత్తరానికి రండి. అవి కనబడటం మానేసిన చోట సముద్రపు నీరు సరిగా అందడం లేదని అనుమానించవచ్చు.

మురుగు గొట్టాల జాబితా ఏప్రిల్, మే నెలల్లో తయారు కావాలి. ఆ రోజుల్లో వాననీటి కాలువ నోట్లోంచి ఏది కారుతున్నా అది వాన కాదు కనుక, తరువాత వాదించేవారు ఉండరు. పోరంబోకు హద్దులకు రెవెన్యూ సర్వే పటం నకలు జతచేయండి. పనులు ముఖద్వారం నుంచి ఎగువకు జరగాలని, మీ ఇంటి వెనుక నుంచి మొదలుపెట్టరాదని రాయండి. మీ సభ్యులకు ఇది నచ్చకపోవచ్చు, అయినా రాయండి. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక జనవరిలో పని మొదలై వర్షాలకు ముందు సెప్టెంబరులోగా ముగియాలి కనుక, అర్జీ ఈ ఆగస్టులోగా జలవనరుల శాఖకు చేరితేనే వచ్చే ఏడాది అంచనాల్లో చోటు దొరికే అవకాశం ఉంటుంది. సర్వే పటం సంపాదించాక ఆ భాగం నకలు ఇక్కడ పెట్టండి, అడ్డుకోతలు ఎక్కడెక్కడ అడగాలో గుర్తుపెట్టి పంపుతాను.